యూరప్ క్లబ్ ఫుట్‌బాల్: కొత్తగా చూసేవారు ఏ లీగ్‌తో మొదలుపెట్టాలి?

ప్రపంచకప్ జరిగే నెల రోజులూ ఫుట్‌బాల్ చూసి, అది ముగియగానే మళ్లీ నాలుగేళ్లు ఆగాలనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ పోటీల్లో మనం చూసిన మేటి ఆటగాళ్లలో ఎక్కువమంది ఆగస్టు నుంచి మే వరకు, దాదాపు వారం వారం, యూరప్‌లోని ఏదో ఒక క్లబ్ తరఫున ఆడుతూనే ఉంటారు. ఆ ఆట కూడా చూద్దామని ఉత్సాహంగా మొదలుపెట్టి, నెల తిరగకుండానే వదిలేసినవారిని నేను చాలామందిని చూశాను. ఐదు పెద్ద లీగ్‌లు, వాటిపైన మూడు యూరప్ స్థాయి టోర్నీలు, ప్రతి దేశంలో విడిగా కనీసం ఒక నాకౌట్ కప్పు, ఇవన్నీ ఒకేసారి మీదపడేసరికి ఈ రాత్రి జరుగుతున్న మ్యాచ్ దేనికి సంబంధించినదో తెలియక వారు విసిగిపోయారు. అందుకే నా సలహా ముందే చెబుతాను. మొదట ఒకే ఒక్క లీగ్‌ను ఎంచుకోండి. దానిని పేరుప్రతిష్ఠలను బట్టి కాక, మీరు హాయిగా మెలకువతో ఉండగలిగే వేళను బట్టి ఎంచుకోండి. అభిమాన క్లబ్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

లోపలికి వెళ్లే దారులు

కొత్తవారు సాధారణంగా ఒక ఆటగాడి కోసమో, ఒక క్లబ్ కోసమో, ఛాంపియన్స్ లీగ్ కోసమో వస్తారు. ఒక దేశపు లీగ్‌ను పట్టుకుని వచ్చేవారు తక్కువ.

ఆటగాడి వెంట రావడం చాలా సహజం. అయితే ఆటగాడు ఒకచోట ఉండడు. మెస్సీ 2021లో బార్సిలోనాను వదిలి పారిస్ సెయింట్ జెర్మైన్‌లో చేరాడు, 2023లో అమెరికా వెళ్లిపోయాడు. రొనాల్డో 2018లో రియల్ మాడ్రిడ్‌ను వదిలి, యువెంటస్, మాంచెస్టర్ యునైటెడ్‌ల మీదుగా సౌదీ అరేబియా చేరుకున్నాడు. వారిని మాత్రమే నమ్ముకుని ఆట చూసినవారికి యూరప్‌లో నిలబడే చోటు లేకుండా పోయింది. నచ్చిన ఆటగాడు ఉంటే మంచిదే, కానీ అతడు ఆడుతున్న లీగ్ మొత్తాన్ని చూడటం అలవాటు చేసుకుంటే, అతడు వెళ్లిపోయిన రోజున కూడా మీకు చూడటానికి ఏదో ఒకటి మిగులుతుంది.

ఛాంపియన్స్ లీగ్ ఆకర్షణ వేరు. వివిధ దేశాల్లో ముందువరుసలో నిలిచిన క్లబ్‌లన్నీ అక్కడ కలుస్తాయి. 2024-25 సీజన్ నుంచి అందులో 36 క్లబ్‌లు ఒకే పట్టికలో ఉంటున్నాయి. ఒక్కొక్క క్లబ్ ఎనిమిది వేర్వేరు ప్రత్యర్థులతో ఒక్కొక్క మ్యాచ్ ఆడుతుంది. మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచినవి నేరుగా ప్రీక్వార్టర్స్‌కు వెళతాయి, 9 నుంచి 24 వరకు ఉన్నవి ప్లేఆఫ్ ఆడతాయి, మిగిలిన 12 ఇంటిదారి పడతాయి. ఆట ప్రమాణం గొప్పగా ఉంటుందనడంలో సందేహం లేదు. కానీ మ్యాచ్‌కు మ్యాచ్‌కు మధ్య వారాలు గడుస్తాయి, ఆ మధ్యకాలంలో జట్టు ఎలా ఆడింది, ఎవరు గాయపడ్డారు, కోచ్ పదవి ఎందుకు ఊగుతోంది అన్నవి దేశవాళీ లీగ్ చూసేవారికి తప్ప తెలియవు. ఛాంపియన్స్ లీగ్‌తోనే మొదలుపెడితే రుచి తెలుస్తుంది గాని కడుపు నిండదు. పైగా ఎక్కువ మ్యాచ్‌లు చలికాలంలో మన గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటాక 1:30కు మొదలవుతాయి.

లీగ్‌తో మొదలుపెట్టమనడానికి నాకున్న ముఖ్య కారణం దాని సరళత. ప్రతి జట్టు మిగిలిన ప్రతి జట్టుతో ఒకసారి సొంత మైదానంలో, ఒకసారి ఎదుటివారి మైదానంలో ఆడుతుంది. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. చివరికి పట్టికలో పైన ఉన్నవారే విజేత. ఐపీఎల్‌లో లాగా లీగ్ దశ ముగిశాక ప్లేఆఫ్స్, ఫైనల్ ఉండవు. ఐపీఎల్‌లో లేని మరొక విషయం ఇక్కడ ఉంది: అట్టడుగున నిలిచిన జట్లు వచ్చే ఏడాది కింది డివిజన్‌కు దిగిపోతాయి, అక్కడ గెలిచినవి పైకి వస్తాయి. దీనినే రెలిగేషన్, ప్రమోషన్ అంటారు. క్రికెట్ చూసి పెరిగినవారికి ఇది కొత్తగా ఉంటుంది, ఆటలోని ఉద్వేగంలో సగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మన దగ్గర ఆఖరి స్థానం ఖాయమైన జట్టు ఆడే చివరి మ్యాచ్‌ను ఎవరూ పట్టించుకోరు, అక్కడ మాత్రం ఇరవై జట్ల లీగ్‌లో పదిహేడో స్థానానికి, పద్దెనిమిదో స్థానానికి మధ్య ఉన్న గీత కోసం మే నెలలో స్టేడియం మొత్తం ఏడుస్తుంది.

జర్మనీ లీగ్ ఎందుకు నా మొదటి సిఫారసు

ఉద్యోగమో చదువో ఉండి, తెల్లవారి లేవవలసినవారు ఆంధ్ర, తెలంగాణల్లో ఉంటే, మొదటి సీజన్‌కు నేను సూచించేది జర్మనీ బుందెస్‌లీగా. అక్కడ శనివారం మధ్యాహ్నం 3:30కు ఒకేసారి పలు మ్యాచ్‌లు మొదలవుతాయి. మనకు అది అక్కడి వేసవికాలపు గడియారం ప్రకారం సాయంత్రం 7 గంటలు, చలికాలంలో 8 గంటలు. భోజనాల వేళకు ఆట ముగుస్తుంది, ఇంట్లో ఎవరి నిద్రా చెడదు. జట్లు 18, ఒక్కొక్కటి ఆడే మ్యాచ్‌లు 34 కాబట్టి ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీల కంటే సీజన్ కాస్త చిన్నది, చలికాలంలో విరామం కూడా ఉంటుంది. కొత్తవారికి ఈ కొలత సరిపోతుంది.

ఈ లీగ్‌కు వ్యతిరేకంగా అందరూ చెప్పే మాట ఒకటుంది: బయర్న్ మ్యూనిక్ 2013 నుంచి 2023 వరకు వరుసగా 11 సార్లు గెలిచింది, ఇక అందులో చూడటానికేముంది అని. పట్టిక మాత్రమే చూస్తే అది సబబే. కానీ ఆ పదకొండో టైటిల్ ఎలా వచ్చిందో నేను కళ్లారా చూశాను. 2023 మే 27, శనివారం, చివరి రోజు. బొరుస్సియా డార్ట్‌మండ్ 70 పాయింట్లతో ముందుంది, బయర్న్‌కు 68. మైన్జ్‌ను సొంత మైదానంలో ఓడిస్తే డార్ట్‌మండ్‌దే టైటిల్. 81 వేలకు పైగా జనం పట్టే స్టేడియం పసుపు రంగుతో నిండిపోయింది. ఒక గోల్ వెనక దాదాపు 25 వేల మంది నిలబడే చూసే దక్షిణపు గ్యాలరీని అక్కడివారు పసుపు గోడ అంటారు. ఆ రోజు మా మేనల్లుడు నా పక్కన కూర్చున్నాడు, వాడు అంతకుముందు క్లబ్ ఫుట్‌బాల్ చూడలేదు. టీవీలో డార్ట్‌మండ్ మ్యాచ్, నా ఫోన్‌లో క్షణక్షణానికీ మారే పాయింట్ల పట్టిక.

అరగంట కూడా కాకముందే మైన్జ్ 2-0తో ముందుకు వెళ్లింది, మధ్యలో దొరికిన పెనాల్టీని డార్ట్‌మండ్ గోలుగా మలచలేకపోయింది. అటు కొలోన్‌లో బయర్న్ 1-0తో గెలుస్తోంది. డార్ట్‌మండ్ 69వ నిమిషంలో ఒక గోలు కొట్టి తేడా తగ్గించింది. 81వ నిమిషంలో కొలోన్‌కు పెనాల్టీ దొరికింది, అక్కడ 1-1 అయింది. ఫోన్‌లో పట్టిక తారుమారైంది, డార్ట్‌మండ్ మళ్లీ పైకి వచ్చింది. ‘మామయ్యా, ఓడిపోతున్నవాళ్లు కప్పు ఎలా గెలుస్తారు?’ అని అడిగాడు వాడు. డార్ట్‌మండ్ ఓడినా 70 దగ్గరే ఉంటుంది, బయర్న్ డ్రా చేసుకుంటే 69తో ఆగుతుంది అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. వాడికి అర్థమయ్యేలోపే, 89వ నిమిషంలో, బయర్న్ ఆటగాడు ముసియాలా కొలోన్‌లో గోలు కొట్టాడు. బయర్న్ 71. అదనపు సమయంలో డార్ట్‌మండ్ రెండో గోలు కొట్టి 2-2 చేసుకుంది, ఆ జట్టుకూ 71 పాయింట్లే వచ్చాయి, కానీ గోల్ తేడాలో, అంటే సీజన్ మొత్తంలో కొట్టిన గోల్స్‌కు, ఎదుటివారికి ఇచ్చిన గోల్స్‌కు మధ్య తేడాలో, బయర్న్ చాలా ముందుంది. ఆట అయిపోయాక పసుపు గోడ ఖాళీ కాలేదు, ఏడుస్తున్న ఆటగాళ్ల ముందు నిలబడి పాడుతూనే ఉంది. ఆ రోజు తర్వాత పాయింట్లు, గోల్ తేడా గురించి మా మేనల్లుడికి నేను మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు.

ఆ మరుసటి సీజన్‌లోనే బయర్ లెవర్‌కూజెన్, షాబీ అలాన్సో కోచ్‌గా, 34 మ్యాచ్‌ల్లో 28 గెలిచి, 6 డ్రా చేసుకుని, ఒక్కటి కూడా ఓడకుండా తన మొదటి లీగ్ టైటిల్ సాధించింది. జర్మనీలో క్లబ్ ఓటింగ్ హక్కుల్లో సగానికి మించిన వాటా సభ్యులదే అయి ఉండాలన్న నియమం ఉంది, దానిని ‘50+1’ అంటారు. మందుల కంపెనీ కార్మికుల జట్టుగా పుట్టిన లెవర్‌కూజెన్‌కు, కార్ల కంపెనీ వెనక ఉన్న వోల్ఫ్స్‌బర్గ్‌కు ఈ నియమంలో మినహాయింపు ఉంది. అభిమానులే యజమానులుగా ఉండటం వల్ల నిలబడి చూసే చవక టికెట్లు, తొంబై నిమిషాలూ ఆగని పాటలు అక్కడ ఇప్పటికీ మిగిలాయి. తెర మీద చూసేవారికి కూడా ఆ హోరు అందుతుంది.

ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీ

ప్రీమియర్ లీగ్‌ను రెండో స్థానంలో పెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు. 1992లో మొదలైన ఈ లీగ్‌లో ఇప్పుడు 20 జట్లు 38 మ్యాచ్‌లు ఆడతాయి, చివరి మూడు దిగిపోతాయి. మనకు దొరికే సౌకర్యాలు ఇక్కడే ఎక్కువ: వ్యాఖ్యానం మనకు తెలిసిన ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఆఫీసులోనో హాస్టల్‌లోనో మాట్లాడటానికి మరొక అభిమాని తప్పక దొరుకుతాడు, చదవడానికి రాతలకు కొదవ ఉండదు. శనివారం అక్కడ మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యే మ్యాచ్‌లు మనకు చలికాలంలో రాత్రి 8:30కు, మిగతా కాలంలో 7:30కు వస్తాయి. విచిత్రమేమిటంటే స్టేడియాలకు జనం తగ్గకూడదని ఆ వేళ మ్యాచ్‌లను బ్రిటన్‌లో ప్రత్యక్షంగా చూపించరు, మనం మాత్రం ఇంట్లో కూర్చుని చూడవచ్చు. ఎవరైనా ఎవరినైనా ఓడించగలరన్న పేరు ఈ లీగ్‌కు ఉంది. ఒక్కొక్క మ్యాచ్ విషయంలో అది నిజమే, కానీ 2018 నుంచి 2024 వరకు ఏడు టైటిళ్లలో ఆరింటిని మాంచెస్టర్ సిటీయే గెలిచింది. ఇబ్బంది ఏమిటంటే మ్యాచ్‌లు శుక్రవారం నుంచి సోమవారం దాకా పరుచుకుని ఉంటాయి, రెండు దేశవాళీ కప్పులు మధ్యలో దూరుతాయి, క్లబ్‌ల చుట్టూ పుట్టే వదంతులకు అంతుండదు. కొత్తవారు ఆట కంటే ఆటగాళ్ల బదిలీ వార్తలనే ఎక్కువగా చదివే ప్రమాదం ఇక్కడుంది.

స్పెయిన్‌లోని లా లిగాలో ఆట నింపాదిగా, బంతిని దగ్గర పెట్టుకుని సాగుతుంది. కాలి నైపుణ్యాన్ని చూసి ఆనందించేవారికి అది తగిన చోటు. అయితే 2004లో వాలెన్సియా గెలిచిన తర్వాత 2025 వరకు బార్సిలోనా, రియల్ మాడ్రిడ్, అట్లెటికో మాడ్రిడ్ తప్ప మరెవరూ టైటిల్ గెలవలేదు, పెద్ద మ్యాచ్‌లు తరచుగా మనకు అర్ధరాత్రి తర్వాతే వస్తాయి. పాయింట్లు సమానమైనప్పుడు అక్కడ మొత్తం గోల్ తేడాకు ముందు ఆ రెండు జట్ల పరస్పర మ్యాచ్‌ల ఫలితాన్ని చూస్తారు, ఇంగ్లండ్ లెక్కకు అలవాటుపడినవారు ఇక్కడ పొరబడతారు.

ఇటలీ సీరీ ఆ గురించి మన దగ్గర తక్కువ మాట్లాడుకుంటారు, అది న్యాయం కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. 2020 నుంచి 2023 వరకు నాలుగేళ్లలో యువెంటస్, ఇంటర్, ఏసీ మిలాన్, నపోలీ ఒక్కొక్కసారి గెలిచాయి. ఇంతటి మార్పు ఆ నాలుగేళ్లలో మిగతా పెద్ద లీగ్‌లు వేటిలోనూ కనబడలేదు. మారడోనా ఉన్న కాలంలో 1987లో, 1990లో గెలిచిన నపోలీ మళ్లీ 2023 దాకా, అంటే 33 ఏళ్లు, ఎదురుచూసింది. ఆ ఊరి స్టేడియానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. గోల్స్ తక్కువ పడినా విసుగు చెందకుండా, రక్షణవరుస ఎలా కదులుతోందో చూసే ఓపిక ఉన్నవారికి ఇటలీ బాగా నచ్చుతుంది. మొదటి సీజన్‌కు కాక రెండో సీజన్‌కు ఎంచుకోండి.

ఫ్రాన్స్ లీగ్ వన్ యువ ఆటగాళ్లకు పుట్టినిల్లు, కానీ 2011లో ఖతార్ పెట్టుబడి వచ్చినప్పటి నుంచి పారిస్ సెయింట్ జెర్మైన్ ఆధిపత్యం ఎక్కువ. 2025లో ఇంటర్‌ను 5-0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ కూడా గెలిచిన ఆ జట్టు కోసం చూడవచ్చు గాని, లీగ్ మొత్తాన్ని చూడమని కొత్తవారికి నేను చెప్పను.

చూసే పద్ధతి

మొదటి నెలలో వారానికి ఒక్క మ్యాచ్ చాలు, కానీ దానిని మొదటి నుంచి చివరి దాకా చూడండి. గోల్స్‌ను మాత్రమే ముక్కలుగా చూపించే వీడియోలతో ఈ ఆట అర్థం కాదు, ఎందుకంటే తొంబై నిమిషాల్లో ఒకటో రెండో గోల్స్ పడే ఆటలో అసలు విషయమంతా మిగిలిన కాలంలోనే జరుగుతుంది. ఒక పది నిమిషాలు బంతిని వదిలేసి, రక్షణవరుసకు ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్‌ను మాత్రమే చూడండి. మాంచెస్టర్ సిటీకి ఆడుతూ 2024లో మేటి ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ అవార్డు అందుకున్న రోద్రీ ఆ స్థానంలో ఆడినవాడే. బంతి ఇంకా సహచరుడి కాళ్ల దగ్గర ఉండగానే అలాంటి ఆటగాడు కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తాడు, రెండడుగులు పక్కకు జరుగుతాడు. బంతి అందేసరికి దానిని ఎటు పంపాలో ముందే తేల్చుకుని ఉంటాడు కాబట్టి ఒకే తాకుడుతో పంపేస్తాడు. ఇది ఒకసారి కంటపడితే, ఏమీ జరగడం లేదనిపించిన అరగంట నిండుగా కనిపించడం మొదలవుతుంది.

పాయింట్ల పట్టికను ప్రతి ఆదివారం రాత్రి ఒకసారి చూడండి. పైన నాలుగైదు స్థానాలు ఛాంపియన్స్ లీగ్‌కు, వాటి కింద ఒకటి రెండు మిగతా యూరప్ టోర్నీలకు, అడుగున మూడు రెలిగేషన్‌కు సంబంధించినవని గుర్తుంచుకుంటే మధ్యలో ఉన్న జట్లు ఎటు చూస్తున్నాయో తెలుస్తుంది. జర్మనీలో మాత్రం చివరి రెండు జట్లు నేరుగా దిగిపోతాయి, పదహారో స్థానంలో నిలిచినది కింది డివిజన్‌లోని మూడో జట్టుతో ప్లేఆఫ్ ఆడుతుంది.

క్లబ్‌ను ఎప్పుడు, ఎలా ఎంచుకోవాలి

ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచాక మీకు తెలియకుండానే ఏదో ఒక జట్టు మ్యాచ్ కోసం ఎదురుచూస్తుంటారు. అదే మీ క్లబ్. నిరుటి విజేతను ఎంచుకోవద్దని నేను అనను, రియల్ మాడ్రిడ్‌నో లివర్‌పూల్‌నో ఇష్టపడటానికి ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు. పెద్ద క్లబ్‌ను ఎంచుకుంటే తోటి అభిమానులు దొరుకుతారు, దాదాపు ప్రతి మ్యాచ్ చూడటానికి వీలవుతుంది. కానీ వారానికి రెండు మ్యాచ్‌లు, వాటిలో ఒకటి అర్ధరాత్రిది, మీ జీవితంలో పడతాయని ముందే తెలుసుకోండి. నడిమి స్థానాల క్లబ్‌ను ఎంచుకుంటే వారాంతానికి ఒక మ్యాచే ఉంటుంది, గెలిచినప్పుడు ఆ ఆనందం వారమంతా నిలుస్తుంది.

క్లబ్ కథ కూడా చూడండి. బాస్క్ ప్రాంతానికి చెందినవారినే ఆడించే అథ్లెటిక్ బిల్బావో స్పెయిన్ మొదటి డివిజన్ నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా దిగిపోలేదు. యూనియన్ బెర్లిన్ స్టేడియాన్ని 2008-09లో తిరిగి కట్టినప్పుడు రెండు వేల మందికి పైగా అభిమానులు స్వయంగా వచ్చి కూలిపని చేశారు, ఆ జట్టు 2019లో మొదటిసారి బుందెస్‌లీగాకు చేరి, మరో నాలుగేళ్లకు ఛాంపియన్స్ లీగ్ ఆడింది. లెస్టర్ సిటీ 2016లో ప్రీమియర్ లీగ్ గెలిచింది, 2023లో కింది డివిజన్‌కు దిగింది, మరుసటి ఏడాది తిరిగి వచ్చింది, 2025లో మళ్లీ దిగింది. అలాంటి జట్టును పదేళ్లు అంటిపెట్టుకుని చూసినవారికి ఈ ఆటలో తెలియని రసం ఉండదు.

ఎవరికి ఏది

తెల్లవారి ఆఫీసుకో కాలేజీకో వెళ్లేవారికి జర్మనీ లీగ్, శనివారం ఒక్క మ్యాచ్. స్నేహితులతో కలిసి చూడాలనుకునేవారికి, ఇంగ్లిష్‌లో చదివే అలవాటున్నవారికి ప్రీమియర్ లీగ్. రాత్రి షిఫ్టుల్లో పనిచేసి విరామంలో మ్యాచ్ చూడగలిగినవారికి స్పెయిన్, ఛాంపియన్స్ లీగ్ రెండూ అందుబాటులో ఉంటాయి. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది: ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ న్యూజెర్సీలో ఉదయం 10 గంటలకు, డాలస్‌లో 9 గంటలకు వస్తుంది, ఛాంపియన్స్ లీగ్ పనిరోజు మధ్యాహ్నం పడుతుంది. వారు శనివారం పొద్దున కాఫీతో పాటు ఏ లీగ్‌నైనా చూడవచ్చు కాబట్టి వేళ గురించి కాక ఆటతీరు గురించే ఆలోచించుకోవచ్చు. దుబాయ్‌లో ఉన్నవారికి వేళలు మనకంటే గంటన్నర ముందు కనుక ఛాంపియన్స్ లీగ్ కూడా చలికాలంలో అర్ధరాత్రికే మొదలవుతుంది.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. అన్ని లీగ్‌లూ ఒకే యాప్‌లో దొరకవు, ప్రసార హక్కులు కొన్నేళ్లకోసారి చేతులు మారుతుంటాయి. ఎంచుకున్న లీగ్ ఈ ఏడాది ఎక్కడ వస్తోందో ఆగస్టులో చూసుకుని, వీలుంటే మొదట ఒక నెలకే చందా కట్టండి. రెండు యాప్‌లకు ఏడాది చందా కట్టి ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా చూడని మిత్రులు నాకున్నారు.

ఫోన్‌లో మ్యాచ్ వేళలు పెట్టుకునేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. అక్టోబర్ చివరి ఆదివారం యూరప్‌లో గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు, మార్చి చివరి ఆదివారం మళ్లీ ముందుకు తిప్పుతారు. నవంబర్ మొదటి శనివారం అలవాటు కొద్దీ 7 గంటలకే టీవీ ముందు కూర్చుంటే, జర్మనీ మ్యాచ్‌లు 8 గంటలకు గాని మొదలుకావు.